హైవే నంబరుకు ఊళ్లో చోటు లేదా?

వీధి బోర్డు మీద వీధి పేరు ఉంటే చాలు, హైవే నంబరు హైవే మీద ఉంటే చాలు. నిడదవోలులో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. మునిసిపల్ ఆఫీసులో ఇదే మాట, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఆఫీసులో ఇదే మాట, బస్టాండు సెంటరులో టీ తాగుతూ రోడ్ల సంగతి మాట్లాడుకునే పెద్దలదీ ఇదే మాట. అందరూ ఒప్పుకున్నది కాబట్టి దాన్ని ఎవరూ విప్పి చూడలేదు. విప్పి చూస్తే అది నిలబడదు. తణుకు వైపు, తాడేపల్లిగూడెం వైపు, పంగిడి వైపు, కొవ్వూరు వైపు పోయే మన ప్రధాన వీధుల బోర్డుల మీద, వీధి పేరు పక్కనే, ఆ వీధి ఏ నంబరు రహదారిలో భాగమో, లేదా ఏ నంబరు రహదారికి చేరుస్తుందో రాసి తీరాలి. ఊరి అందం కోసం అడుగుతున్నది కాదిది. ఆ నంబరు లేకపోవడం వల్ల రోజూ దారి తప్పేవాళ్లున్నారు, వాళ్లు తప్పిన దారిలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచేవాళ్లున్నారు.

మన ఊరు ఎక్కడుందో ఒకసారి చూడండి. నిడదవోలు హైవే మీది ఊరు కాదు, రెండు హైవేల నడిమి ఊరు. ఇటు తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా పాత మద్రాసు–కలకత్తా రోడ్డు పోతుంది. అటు పంగిడి, దేవరపల్లి మీదుగా కొత్త నాలుగు వరుసల రోడ్డు పోతుంది. పాత రోడ్డు మన చిన్నతనమంతా ఎన్‌హెచ్ 5. 2010లో కేంద్రం దేశంలోని జాతీయ రహదారులన్నిటికీ కొత్త నంబర్లు ఇచ్చినప్పుడు అది 16 అయింది. తరవాత గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు కొత్త రోడ్డు వేసి, దాన్ని గోదావరి నాలుగో వంతెనతో కలిపాక 16 అనే నంబరు అటు తరలిపోయింది. రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే పాత దారికి 216ఏ మిగిలింది. ఒక్క రోడ్డుకు, ఒక్క తరం కళ్ల ముందు, మూడు నంబర్లు. ఇప్పుడు మన పెద్దలు దాన్ని ఐదో నంబరు హైవే అంటారు, వాళ్ల పిల్లలు పదహారు అంటారు, చేతిలోని ఫోను 216ఏ అంటుంది. ముగ్గురూ ఒకే రోడ్డు గురించి మాట్లాడుతున్నారని బయటినుంచి వచ్చినవాడికి తెలిసే మార్గం లేదు.

వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. ధాన్యం సీజనులో బియ్యం మిల్లుల దగ్గర ఆగే లారీలు, పంగిడి నుంచి కంకర తెచ్చే టిప్పర్లు, భీమవరం వైపు నుంచి చేపలు ఎత్తుకొచ్చే బండ్లు, తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాల నుంచి గుడ్లు తోలే బండ్లు మన వీధుల్లోంచే పోతాయి. తోలేవాళ్లలో బీహారువాళ్లున్నారు, పంజాబువాళ్లున్నారు, తమిళులున్నారు. సెంటరులో బండి ఆపి "భాయ్, హైవే కిధర్?" అని అడుగుతారు. మనవాడు మర్యాదగానే "ఏ హైవే అండీ?" అని ఎదురడుగుతాడు. ఆ ప్రశ్నకు నంబరు తప్ప మరో జవాబు లేదు. నంబరు డ్రైవరు దగ్గర ఉంది, బిల్టీ (సరుకు రసీదు) మీదో ఫోనులోనో. ఊళ్లోనే లేదు. అప్పుడు చెయ్యి చూపించడం మొదలవుతుంది. ఎడం వైపు పొమ్మన్న చెయ్యి ఒకటి, రైల్వే గేటు దాటి పొమ్మన్న చెయ్యి ఒకటి. ఆ చేతుల్ని నమ్ముకున్న పద్నాలుగు చక్రాల లారీ చివరికి కాలవ గట్టు మీదికి ఎక్కుతుంది.

కాలవ గట్టు అంటే ఏమిటో డెల్టా వాళ్లకు చెప్పనక్కర్లేదు. 1852లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక, విజ్జేశ్వరం నుంచి బయలుదేరిన పశ్చిమ డెల్టా కాలవలు మన ఊళ్లను చీల్చుకుంటూ పోయాయి. ఆ గట్లు నీటిని ఆపడానికి వేసినవి, నలభై టన్నుల లారీని మోయడానికి వేసినవి కావు. గట్టు మీద ఎదురెదురు పడిన రెండు బండ్లలో ఒకటి వెనక్కి పోవాల్సిందే. పొద్దున బడికి సైకిళ్ల మీద పోయే పిల్లలు అదే గట్టు మీద పోతారు. కొవ్వూరు వైపు తప్పినవాడి కథ ఇంకో రకం. 1974లో తెరిచిన రోడ్డు కం రైలు వంతెన దాకా పోతాడు, భారీ వాహనాలను దాని మీదికి రానివ్వరని అక్కడ తెలుసుకుంటాడు, అంత బండినీ తిప్పుకుని మళ్లీ జనం మధ్యలోంచి వస్తాడు. తిప్పుకునే చోట ఎన్ని బళ్లు ఆగిపోతాయో, ఎంతమంది ముసలివాళ్లు రోడ్డు దాటలేక నిలబడిపోతారో కొవ్వూరు వాళ్లను అడగండి.

ఇంత తెలిసినా పెద్దలు చెప్పే మొదటి మాట: "పేర్లు చాలవా?" చాలవు. మన రోడ్లకు మనం పెట్టుకున్న పేర్లు మంచివే, నాకూ ఇష్టమే. ఏ ఊరికి పోతుందో ఆ ఊరి పేరే రోడ్డు పేరు. తాడేపల్లిగూడెం పోయేది నిడదవోలులో ఉన్నవాడికి గూడెం రోడ్డు. గూడెంలో ఉన్నవాడికి అదే నిడదవోలు రోడ్డు. అంటే పేరు ఊరు దాటగానే తిరగబడుతుంది. నడుమ ఉన్న పల్లెలో రెండు పేర్లూ ఉంటాయి, నిలబడ్డ వైపును బట్టి. నాలుగు ఊళ్లు కలుపుకుని పోయే రోడ్డుకు నాలుగు పేర్లు. పైగా ఏ నాయకుడి విగ్రహమో పెట్టినప్పుడు ఆ ముక్కకు ఆయన పేరు వచ్చి చేరుతుంది. విజయవాడలో ఒక రోడ్డు ప్రజలకు బందరు రోడ్డు, మునిసిపాలిటీకి మహాత్మా గాంధీ రోడ్డు, కేంద్రానికి ఒకప్పుడు 9, ఇప్పుడు 65. అదే రోడ్డు హైదరాబాదులో మరో పేరుతో సాగి, సూర్యాపేటలో మరో పేరు తొడుక్కుని, మచిలీపట్నం దాకా వస్తుంది. దారి పొడుగునా మారకుండా ఉన్నది 65 ఒక్కటే. పేరు ఆ ఊరివాడికి గుర్తు, నంబరు దారిపొడుగు ప్రయాణికుడికి గుర్తు. రెండూ ఒకే స్తంభం మీద ఉండటంలో ఎవరికీ నష్టం లేదు. గాంధీ గారి పేరు చెరిపేయమని ఎవరూ అడగడం లేదు, దాని కింద 65 అని వేయమంటున్నాం.

ఇక్కడే రెండో వాదన తోసుకొస్తుంది, ఇది మొదటిదానికంటే గట్టిది. "నంబర్లు మాత్రం నిలిచాయా? మీరే అన్నారుగా, ఐదు పదహారయింది, పదహారు 216ఏ అయింది. మారిపోయేదాన్ని బోర్డు మీద వేయించి డబ్బు తగలెయ్యడం దేనికి?" న్యాయమైన ప్రశ్న. దీనికి నా జవాబు: మారినప్పుడు మనకు అంత గందరగోళం ఎందుకొచ్చింది? నంబరు మారినందుకు కాదు, మారిందని చెప్పే బోర్డు మన కంటికి ఆనే చోట ఎక్కడా లేనందుకు. 2010లో గెజెట్ ప్రకటించింది, పత్రికలు ఒకరోజు రాశాయి, హైవే మీది కిలోమీటరు రాళ్లకు రంగు వేశారు. హైవే ఎక్కేవాడు హైవే ఎక్కాక గాని కొత్త నంబరు చూడలేదు. ఊళ్లోంచి హైవేకు దారి వెతుక్కునేవాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆనాడే బస్టాండు సెంటరు బోర్డు మీద 5 ఉండి ఉంటే, దాన్ని కొట్టేసి 16 రాయడం ఒక పెయింటరు పని. వారంలో ఊరంతా నేర్చుకునేది. పదిహేనేళ్ల తరవాత కూడా ముగ్గురు మూడు నంబర్లు చెప్పే స్థితి ఉండేది కాదు. మారుతుంది కాబట్టి రాయవద్దనడం కాదు, మారుతుంది కాబట్టే రాసి ఉంచాలి.

మన ఊరి చరిత్రే మరో సంగతి చెబుతుంది. 1972 ఆగస్టు 15న పోస్టల్ శాఖ పిన్‌కోడ్ తెచ్చింది. నిడదవోలుకు 534301. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు తిరగరాశారు. పశ్చిమ గోదావరిలో పుట్టి పెరిగిన మనం ఒక్క రాత్రిలో తూర్పు గోదావరి వాళ్లం అయ్యాం. మన జిల్లా కేంద్రం ఏలూరు కాదు, గోదావరికి అవతలి ఒడ్డున ఉన్న రాజమహేంద్రవరం. దాని పేరు కూడా 2015 దాకా రాజమండ్రి. ఇన్ని మారినా మన ఉత్తరం 534301 అనే నంబరు పట్టుకుని మన గుమ్మానికే వస్తోంది. స్టేషనుకు వెళ్లండి, రైల్వే వాళ్ల కాగితాల్లో మనం ఇప్పటికీ ఎన్‌డీడీ. పేర్లు నిలుస్తాయి, నంబర్లు మారతాయి అని చెప్పేవాళ్లు ఈ ఊళ్లో ఉండి ఆ మాట అనకూడదు. కొన్ని పేర్లు మారాయి, కొన్ని నంబర్లు మారాయి. దేన్ని ఎవరు జాగ్రత్తగా రాసిపెట్టారో అది పనికొచ్చింది.

అసలు 216ఏ అనే నంబరు చూడండి, దానిలోనే ఒక దారి చూపు ఉంది. కొత్త పద్ధతిలో ఉత్తర దక్షిణాలుగా పోయే పెద్ద రోడ్లకు సరిసంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు. సరిసంఖ్యలు తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ పెరుగుతాయి. అందుకే బంగాళాఖాతం అంచున ఉన్న మనది 16, దేశం నడిబొడ్డున కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా పోయేది 44. మూడంకెల నంబరులో చివరి రెండంకెలు తల్లి రోడ్డువి. 216 చూడగానే అది 16 నుంచి చీలిన కొమ్మ అని తెలుస్తుంది. కత్తిపూడి దగ్గర విడిపోయి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా కోస్తా వెంట పోయే 216, మన పక్కనుంచి పోయే 216ఏ రెండూ 16 కుటుంబంలోవే. ఈ లెక్క మన హైస్కూలు పిల్లలకు ఒక గంటలో చెప్పొచ్చు. చెప్పాక వాళ్లు దేశం మ్యాపును మరో కన్నుతో చూస్తారు. ఇంత తెలివిగా కట్టిన పద్ధతిని టోల్ గేటు దగ్గరే ఆపేసి, ఊరి పొలిమేర దాటి లోపలికి రానివ్వకపోవడం నాకు బాధగా ఉంటుంది.

"మన జనానికి నంబర్లు ఎక్కవు" అనేవాళ్ల మాట మీద ఎక్కువసేపు ఆగను. మనది రైల్వే జంక్షను. గోదావరి ఎక్స్‌ప్రెస్ 12727 అని నిద్రలో లేపి అడిగినా చెప్పే మనుషులు ప్రతి వీధిలో ఉన్నారు. హైదరాబాదులో మన పిల్లలు బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12 అంటారు, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 అంటారు, ఆ నంబర్లతోనే ఇళ్లు వెతుక్కుంటారు. న్యూజెర్సీ ఎడిసన్‌లో స్థిరపడ్డ మనవాళ్లు ఫోనులో రూట్ 1, రూట్ 27 అని మాట్లాడుకుంటారు. అక్కడ లింకన్ హైవే, రూట్ 27 ఒకే రోడ్డు. ఆ పేరూ ఆ నంబరూ రెండూ వాళ్ల నోట ఉన్నాయి. అమెరికాలో ఎన్నో పట్టణాల్లో సిగ్నల్ మీద వేలాడే వీధి పేరు బోర్డులోనే, పేరు పక్కన, ఆ రూటు గుర్తు చిన్నదిగా ముద్రించి ఉంటుంది. మనవాడు అక్కడ దాన్ని చూసి దారి పట్టుకోగలిగినప్పుడు, ఇక్కడ చూసి పట్టుకోలేడని అనడం మన జనాన్ని తక్కువ చేయడం.

ఫోను ఉండగా బోర్డు ఎందుకు అనేది ఈ రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట. ఈ మాట చెప్పేవాళ్లు తమ ఫోను చెప్పేది వినలేదనుకుంటాను. ఫోను ఏం చెబుతుంది? ముందు మలుపులో ఎన్‌హెచ్ 216ఏ వైపు తిరగమంటుంది. డ్రైవరు తలెత్తి చూస్తాడు. బోర్డు మీద ఒక నాయకుడి పేరు, వార్డు నంబరు, ఏ దాత సౌజన్యమో ఆ షాపు పేరు ఉంటాయి. 216ఏ ఎక్కడా లేదు. ఫోను నంబర్లతో మాట్లాడుతోంది, వీధి పేర్లతో మాట్లాడుతోంది. నడుమ ఉన్న మనిషి కిందికి చూస్తూ బండి తోలుతున్నాడు. పక్కన స్కూటరు మీద ఒకామె బిడ్డను ముందు నిలబెట్టుకుని పోతోంది. ఆ డ్రైవరు కన్ను ఫోను మీద ఉండాలా, రోడ్డు మీద ఉండాలా? ఫోను వచ్చాక బోర్డు మీద నంబరు అవసరం తగ్గలేదు, పెరిగింది. పైగా మామూలుగా మనం వాడే మ్యాపు కారుకూ లారీకీ తేడా చూడదు. దగ్గర దారి కనబడితే కాలవ గట్టు మీదికే పంపిస్తుంది. ఈ వీధి లారీలు పోయే పెద్ద రహదారికి చేరుస్తుందని నిలబడి చెప్పగలిగేది ఆ మలుపులో పాతిన బోర్డే.

నిరక్షరాస్యుల మాట, పరభాష వాళ్ల మాట కూడా దీనిలో ఉంది. మన బోర్డులు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టేవాళ్లలో నేనూ ఉన్నాను. కాని తెలుగు చదవలేని డ్రైవరుకు అదే బోర్డు మీద ఒక్క ముక్క అయినా అర్థం కావాలి కదా. 16 అనే అంకెను తమిళుడూ చదువుతాడు, పంజాబువాడూ చదువుతాడు, బడి మొహం చూడని క్లీనరు కుర్రాడూ గుర్తుపడతాడు. వీధి పేరును మూడు భాషల్లో రాయడానికి చోటు చాలని చిన్న బోర్డు మీద, ఆ మూడు భాషల పని ఒక్క అంకె చేస్తుంది. తెలుగుకు జరిగే నష్టం ఏమీ లేదు. పేరు మొత్తం తెలుగులో పెద్ద అక్షరాలతో ఉంచుకోవచ్చు.

ఇంజనీర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. మన ఊరి వీధి జాతీయ రహదారి కాదు, ఆ నంబరు దాని మీద వేస్తే వీధినే హైవే అనుకుంటారు, అది తప్పుడు సమాచారం అంటారు. ఈ చిక్కు ప్రపంచంలో మనకే మొదట రాలేదు. బ్రిటన్‌లో ఏ రోడ్డు మీద ఉన్నామో ఆ నంబరును మామూలుగా రాస్తారు, ఈ దారి పట్టుకుంటే ముందు ఏ రోడ్డులో కలుస్తామో ఆ నంబరును బ్రాకెట్లలో రాస్తారు. స్వీడన్‌లో రెండోదాని చుట్టూ తెంపుతెంపుల గీత గీస్తారు. అమెరికాలో నంబరు గుర్తు మీద "ఈ రోడ్డుకు" అనే అర్థం వచ్చే చిన్న పలక తగిలిస్తారు. మూడు దేశాలు మూడు రకాలుగా ఒకే చిక్కు విప్పాయి. మనం "తణుకు రోడ్డు" అని రాసి, దాని కింద బాణం గుర్తు వేసి, "216ఏ కు" అని రాస్తే ఏ ఇంజనీరు అభ్యంతరమూ మిగలదు. కిలోమీటరు రాళ్ల మీద జాతీయ రహదారికి పసుపు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ అని మన కంటికి ఎప్పటినుంచో అలవాటు. ఆ రంగులే వీధి బోర్డు మీద చిన్న గడిలో వాడుకోవచ్చు. ఊరికి కొత్తగా నేర్పాల్సింది ఏమీ ఉండదు.

పైకి ఎవరూ గట్టిగా అనరు గాని, ఈ విషయంలో అసలు అడ్డుపడే భయం మరొకటి ఉంది. రోడ్డు పక్కన ఇల్లో కొట్టో ఉన్నవాళ్లు నంబరు అనగానే వెడల్పు చేస్తారేమోనని ఉలిక్కిపడతారు. బోర్డు వచ్చిందంటే కొలతలు వస్తాయి, ఎర్రరంగు గుర్తులు వస్తాయి, గోడ పోతుంది. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. డెల్టా పట్టణాల్లో నాలుగు గజాల కొట్టు మీద మూడు కుటుంబాలు బతుకుతాయి. కాని భయపడాల్సింది బోర్డును కాదు. రోడ్డు జాతీయ రహదారి అయ్యేది 1956 చట్టం కింద ఇచ్చే గెజెట్ ప్రకటన వల్ల. రహదారి భూమి మీద ఆక్రమణలను తీసేసే అధికారం 2002 చట్టం వల్ల. బోర్డు లేకపోతే ఆ చట్టాలు ఆగవు. బోర్డు లేకపోవడం వల్ల జరిగేది ఒకటే, ఆ సంగతి ఇల్లు కొనేవాడికి తెలియదు. రోడ్డు ఏ వర్గంలో ఉందో తెలియకుండా జీవితంలో దాచుకున్నదంతా పెట్టి కొట్టు కొన్న మనిషి, పదేళ్ల తరవాత నోటీసు చేతికొచ్చినప్పుడు మొదటిసారి ఆ నంబరు వింటాడు. అతనికి ఆ నంబరు ముందే, వీధి మొగలో, అందరి కళ్ల ముందు కనబడి ఉండాల్సింది.

రహదారి నంబరుకు ఎంత విలువ ఉందో ప్రభుత్వాలకు బాగా తెలుసు. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదని తీర్పిచ్చింది. 2017 మార్చి 31న, 20 వేల లోపు జనాభా ఉన్న చోట్ల ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఆ తరవాత ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. దేశంలో పలు రాష్ట్రాలు ఊళ్లలోంచి పోయే రహదారి ముక్కలను హైవే జాబితాలోంచి తీసేసి మామూలు రోడ్లుగా మార్చేశాయి. రోడ్డు కదల్లేదు, లారీలు తగ్గలేదు, కాగితం మీద రోడ్డు స్థాయి మారింది. ఆ మార్పు ఆ వీధిలో ఉన్న తల్లులకు ఎవరు చెప్పారు? వీధి బోర్డు మీద ఆ నంబరు ఉండి ఉంటే, దాన్ని చెరపడానికి మనిషి నిచ్చెన వేసుకుని రావాల్సి వచ్చేది. వీధి వీధంతా చూసేది, ఎందుకు చెరుపుతున్నారని అడిగేది. నంబరు మన కళ్ల ముందు ఉండటం అంటే ఆ అడిగే హక్కు మన చేతిలో ఉండటం.

గుంటల సంగతీ అంతే. మన ఊళ్లో ఒక వీధి మునిసిపాలిటీది, దాని పక్క వీధి ఆర్ అండ్ బీది, కాలవ గట్టు జలవనరుల శాఖది. వానాకాలంలో గుంట పడితే ఎవరి గడప తొక్కాలో పౌరుడికి తెలియదు. మునిసిపాలిటీకి వెళ్తే అది ఆర్ అండ్ బీ రోడ్డు అంటారు. అక్కడికి వెళ్తే పట్టణ పరిధి అంటారు. మధ్యలో గుంట పెద్దదవుతుంది, ఎవరి బండో అందులో పడుతుంది. బోర్డు మీద రోడ్డు వర్గం, నంబరు ఉంటే అర్జీ ఎవరికి ఇవ్వాలో అందరికీ తెలుస్తుంది. నంబరు వేయొద్దనే మాట కార్యాలయాల్లో ఇంత గట్టిగా నాటుకోవడానికి ఇదొక కారణమని నా అనుమానం.

ప్రమాదం జరిగినప్పుడు ఈ లోటు ప్రాణం మీదికి వస్తుంది. 2005లో మన రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవ మొదలైంది. జాతీయ రహదారుల మీద సాయానికి 1033 నంబరు ఉంది. ఫోను ఎత్తగానే ఎక్కడున్నారని అడుగుతారు. ఊరివాడయితే ఫలానా మిల్లు ఎదురుగా, ఫలానా రావిచెట్టు దగ్గర అని చెబుతాడు, అంబులెన్సు డ్రైవరుదీ ఈ చుట్టుపక్కలే అయితే వచ్చేస్తుంది. రాత్రి రెండు గంటలకు, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఒడిశా నుంచి కారులో పోతున్నవాడికి మిల్లు పేరు తెలియదు, రావిచెట్టు కనబడదు. అతని హెడ్‌లైటు వెలుగులో మెరిసే బోర్డు ఒకటే అతనికి ఆధారం. ఆ బోర్డు మీద ఒక పేరు మాత్రమే ఉంటే, ఆ పేరుగల వీధులు జిల్లాలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. గాంధీ బొమ్మ సెంటరు లేని ఊరు డెల్టాలో ఉందా?

నంబరు వేస్తే లారీలన్నీ ఊళ్లోకి వస్తాయనే భయం మాత్రం తలకిందులుగా ఉంది. లారీలు ఇప్పుడే ఊళ్లో ఉన్నాయి, బయటికి దారి తెలియక తిరుగుతున్నాయి. బోర్డు వాటిని పిలవదు, సాగనంపుతుంది.

ఖర్చు గురించి ఒక్క మాట చాలు. కొత్త వీధి బోర్డులు ఎలాగూ వేయిస్తారు, ఎన్నికలకు ముందో, విగ్రహావిష్కరణకు ముందో. అదే రేకు మీద అదే మెరిసే షీటుతో మరో రెండు మూడు అంకెలకు అయ్యేది ఊరి బడ్జెట్‌లో కనబడదు. ఎవరు చేయాలన్నది కూడా అంత చిక్కు కాదు. బోర్డు పాతేది మునిసిపాలిటీ, నంబరు రాతపూర్వకంగా ఇవ్వాల్సింది ఆర్ అండ్ బీ. ఒక ఉత్తరం, ఒక జవాబు. ఆ తరవాత బోర్డుల ముందు ఫ్లెక్సీలు కట్టనివ్వకుండా చూసే పని ఒకటి ఉంటుంది, అది మాత్రం కష్టమే, దానికి వార్డు కౌన్సిలర్లు మనసు పెట్టాలి. పుట్టినరోజు శుభాకాంక్షల వెనక దాక్కున్న దారి బోర్డు ఎవరికీ పనికిరాదు.

2027లో గోదావరి పుష్కరాలు. 2015లో ఎంత జనం కదిలారో చూశాం. కొవ్వూరు రేవులకు, రాజమహేంద్రవరం ఘాట్లకు తెలంగాణ నుంచి, ఒడిశా నుంచి, తమిళనాడు నుంచి వచ్చే బస్సులూ కార్లూ 16 మీద నుంచీ 216ఏ మీద నుంచీ దిగి, మన ఊరిగుండా అటూ ఇటూ దారి మారతాయి. ట్రాఫిక్ ఎక్కడ మళ్లించారో మైకులో చెబుతారు, ఆ మైకు తెలుగులో మాట్లాడుతుంది. బస్టాండు సెంటరులో, స్టేషను రోడ్డు మొగలో, కాలవ వంతెనలకు రెండు వైపులా, రైల్వే గేటుకు అటూ ఇటూ, ముందుగా ఈ కొద్ది చోట్ల బోర్డులు మార్చాలి. పైన తెలుగులో వీధి పేరు, కింద పసుపు గడిలో నంబరు, పక్కన బాణం. రాత్రి లైటు పడితే మెరవాలి. లారీ డ్రైవరు కూర్చున్న ఎత్తుకు కనబడాలి. మలుపులోనే కాదు, మలుపుకు ముందు కూడా ఒకటి ఉండాలి, తప్పు దారి పట్టాక చెప్పే బోర్డు వల్ల లాభం లేదు. ఆర్ అండ్ బీకి రాయాల్సిన ఉత్తరం ఈ నెల కౌన్సిల్ సమావేశం అజెండాలో పెట్టమని మన వార్డు సభ్యులను అడుగుతున్నాను.